జనరేటర్ నడుస్తుండగానే సర్వర్ ఆగిపోతే: ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో యూపీఎస్ కేసు

గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఆఫీసు సర్వర్ పదే పదే ఆగిపోతోందని ఏప్రిల్‌లో పిలిచారు. కరెంటు పోయినప్పుడు సర్వర్ ఆగిందంటే బ్యాటరీలు పోయాయని ఎవరైనా చెప్తారు. ఇక్కడ అలా కాదు. కరెంటు పోతుంది, ఒకటి రెండు నిమిషాల్లో జనరేటర్ అందుకుంటుంది, లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. ఆ తర్వాత పావుగంటకి, అన్నీ నడుస్తుండగా, సర్వర్ ఒక్కటే చప్పున ఆరిపోతుంది. అదీ అన్నిసార్లూ కాదు. పగలు ఎన్నిసార్లు కరెంటు పోయినా ఏమీ కాదు. తెల్లవారుజామున పోతే మాత్రం గ్యారంటీగా పడిపోతుంది.

సీజన్‌లో ఆ సర్వర్ ఎంత ముఖ్యమో ఆ వ్యాపారం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏ రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, ఏ చాంబర్లో ఏ అంతస్తులో ఉన్నాయి, దేని మీద బ్యాంకు అప్పు ఉంది, కాటా బరువెంత, అన్నీ అందులోనే. రెండుసార్లు డేటాబేస్ దెబ్బతిని బ్యాకప్ నుంచి తెచ్చుకున్నారు. మధ్యలో పోయిన ఎంట్రీలని గుమాస్తాలు కాగితాలు చూసి మళ్ళీ కొట్టారు.

అప్పటికే యూపీఎస్ మెకానిక్‌లు వచ్చి చూసి వెళ్ళారు. ఒకరు ఒక బ్యాటరీ మార్చారు. ఇంకొకరు యూపీఎస్‌లో సెల్ఫ్ టెస్ట్ నడిపి, మెయిన్ స్విచ్ దించి జనరేటర్ వేయించి, అంతా బాగుందని సంతకం చేశారు. వాళ్ళు చేసిన పరీక్షల్లో తప్పు లేదు. పట్టపగలు చేశారు, అంతే.

అక్కడున్న సరంజామా

3 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్, డబుల్ కన్వర్షన్ రకం, అంటే వచ్చిన కరెంటుని డీసీగా మార్చి, ఇన్వర్టర్‌తో మళ్ళీ ఏసీ చేసి ఇచ్చేది. 12 వోల్టుల 26 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే నిల్వ సామర్థ్యం) ఎస్ఎంఎఫ్ (నీళ్ళు పోయక్కర్లేని) బ్యాటరీలు ఎనిమిది, సిరీస్‌లో, అంటే 96 వోల్టుల బ్యాంకు. దాని మీద సర్వర్, స్టోరేజీ బాక్సు, నెట్‌వర్క్ స్విచ్, కెమెరాల రికార్డర్. యూపీఎస్ డిస్‌ప్లే చూపిస్తున్న లోడు 22 శాతం. క్లాంప్ మీటరుతో కొలిస్తే దాదాపు 520 వాట్లు. ఓవర్‌లోడ్ అనే మాటే లేదు. స్టాటిక్ బైపాస్‌లో ఇరుక్కుని, ఆన్‌లైన్ పేరు చెప్పి నేరుగా మెయిన్స్ (బయటి కరెంటు) మీద నడుస్తున్న యూపీఎస్‌లు నేను చూశాను కాబట్టి ముందుగా అదీ చూశాను. ఇది బైపాస్‌లో లేదు, ఇన్వర్టర్ మీదే ఉంది.

లెక్క ప్రకారం 520 వాట్ల లోడుకి, ఇన్వర్టర్ నష్టాలు కలుపుకుని, బ్యాటరీ వైపు 6 ఆంపియర్లకి కాస్త పైన లాగుతుంది. 26 ఏహెచ్ అనేది ఇరవై గంటల మీద నిదానంగా ఖాళీ చేస్తే వచ్చే అంకె. 6 ఆంపియర్ల దగ్గర అందులో మూడొంతులు వస్తే మంచిదే. అలా చూసినా కొత్త బ్యాంకు మూడు గంటల దాకా లాగాలి. మూడేళ్ళు దాటిన బ్యాంకు కాబట్టి సగానికి సగం కొట్టేసినా గంటన్నర ఉండాలి. పావుగంటకి పడిపోతోందంటే ఒక సంగతి తేలింది: బ్యాటరీలు చెడ్డాయి. కానీ జనరేటర్ ఉండగా అసలు బ్యాటరీ మీద పావుగంట ఎందుకు నడిచింది? ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

లాగ్‌లో దొరికింది

ముందు సర్వర్‌నే అనుమానించాలి, అది పద్ధతి. సర్వర్ బోర్డు మీద ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం లేకుండా ఉండే మేనేజ్‌మెంట్ లాగ్ తెరిస్తే, రెండు పవర్ సప్లైలకీ ఒకే సెకనులో ఇన్‌పుట్ పోయినట్టు ఉంది. రెండు పవర్ సప్లైలు ఒకేసారి చెడిపోవు. కాబట్టి సర్వర్ నిర్దోషి. తేడా యూపీఎస్ అవుట్‌పుట్‌లోనో అంతకు ముందో ఉంది.

యూపీఎస్‌కీ సర్వర్‌కీ మధ్య యూఎస్‌బీ కేబులు ఉంది, యూపీఎస్‌ని గమనిస్తూ అవసరమైతే సర్వర్ని షట్‌డౌన్ చేసే నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా వేసి ఉంది. ఎవరో వేసి వదిలేశారు. మనదగ్గర అమ్మే చాలా ఆన్‌లైన్ యూపీఎస్‌లు మెగాటెక్ ప్రోటోకాల్‌లో మాట్లాడతాయి. అడిగినప్పుడల్లా ఇన్‌పుట్ వోల్టేజీ, అవుట్‌పుట్ వోల్టేజీ, లోడు శాతం, ఫ్రీక్వెన్సీ (సెకనుకి కరెంటు ఎన్నిసార్లు ఊగుతోందో, హెర్ట్జ్‌లో), బ్యాటరీ వోల్టేజీ, ఉష్ణోగ్రత, చివర స్థితిని చెప్పే ఎనిమిది ఒకట్లూ సున్నాలూ ఒకే వరసలో పంపుతాయి. దాన్ని ముప్పై సెకన్లకోసారి ఫైల్లో రాసేలా పెట్టి, మళ్ళీ పడిపోయేదాకా ఆగాం. ఎక్కువ రోజులు ఆగాల్సిన పని పడలేదు.

పగటి కోత ఇలా ఉంది. కరెంటు పోయింది, ఇన్‌పుట్ సున్నా, స్థితి 'బ్యాటరీ మీద'. నిమిషంన్నరకి ఇన్‌పుట్ 228, స్థితి 'లైన్ మీద'. ఉండాల్సినట్టే.

తెల్లవారుజాము కోత వేరేలా ఉంది. 4:38కి ఇన్‌పుట్ సున్నా. 4:40కి ఇన్‌పుట్ 234. కానీ స్థితి మాత్రం 'బ్యాటరీ మీద' అనే ఉంది. ఆ తర్వాత ప్రతి వరసలోనూ ఇన్‌పుట్ 233, 234, 234. పక్కన బ్యాటరీ వోల్టేజీ సెల్‌కి (ఒక్కో బ్యాటరీలో ఆరు సెల్స్) 2.0 నుంచి మెట్లు దిగుతూ వచ్చి, 1.76 దగ్గర లాగ్ ఆగిపోయింది. 4:52కి సర్వరే పోయింది కాబట్టి ఇక రాసేవాళ్ళు లేరు.

గుమ్మంలో 234 వోల్టులు నిలబడి ఉంటే యూపీఎస్ తలుపు తియ్యకుండా బ్యాటరీ తింటోందన్నమాట. ఆన్‌లైన్ యూపీఎస్ ఇన్‌పుట్‌ని తిరస్కరించేది ముఖ్యంగా రెండు కారణాలకి: వోల్టేజీ హద్దు దాటడం, ఫ్రీక్వెన్సీ హద్దు దాటడం. వోల్టేజీ కళ్ళముందే ఉంది, బాగానే ఉంది. మరి ఫ్రీక్వెన్సీ? లాగ్‌లో ఆ గడిలో ఎప్పుడు చూసినా 50.0. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఈ మోడల్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆ గడిలో పంపేది తన సొంత ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీ. అది లోపలున్న క్రిస్టల్ గడియారం మీద నడుస్తుంది కాబట్టి ఎప్పుడూ 50.0 అనే అంటుంది. జనరేటర్ సంగతి జనరేటర్ దగ్గరికెళ్ళి కొలుచుకోవాల్సిందే.

ఇంజన్ దగ్గర

125 కేవీఏ డీజిల్ జనరేటర్, పాతకాలపు మెకానికల్ గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపుచేసే భాగం). దాన్ని చూసుకునే పెద్దాయన చాలా ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. "బాబాయ్, పొద్దున్నే వేసినప్పుడు, మధ్యాన్నం వేసినప్పుడు ఏమన్నా తేడా ఉంటుందా?" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పాడు: "కంప్రెసర్లు తిరగనప్పుడు ఇంజన్ అరుపే మారుద్ది బాబూ." నా మీటరు తర్వాత చెప్పింది కూడా అదే.

మెకానికల్ గవర్నర్ ఉన్న ఇంజన్‌కి లోడు పెరిగేకొద్దీ వేగం కాస్త తగ్గుతుంది. డ్రూప్ అంటారు. అది లోపం కాదు, దాని స్వభావం. నాలుగు పోల్స్ ఆల్టర్నేటర్‌కి (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే భాగానికి) నిమిషానికి 1500 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్. ముప్పై చుట్లు పెరిగితే ఒక హెర్ట్జ్ పెరిగినట్టు. మల్టీమీటరుని ఫ్రీక్వెన్సీలో పెట్టి ప్యానెల్ దగ్గర నిలబడి, కంప్రెసర్లు ఒక్కొక్కటే వేయించి రాసుకున్నాను. రెండు కంప్రెసర్లూ నడుస్తుంటే 50.6. ఒకటే నడుస్తుంటే 51.9. రెండూ ఆపేస్తే, ఒట్టి లైట్లూ ఆఫీసూ ఉన్నప్పుడు, 53.2. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో 48కి దిగి మళ్ళీ లేచింది.

యూపీఎస్ మాన్యువల్లో ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ 47 నుంచి 53 దాకా అని ఉంది. 53 దాటితే వదిలేస్తుంది, మళ్ళీ తీసుకోవాలంటే 52.5 లోపుకి రావాలి. అదీ సంగతి. పగలు ఎండకి చాంబర్లు వేడెక్కుతుంటాయి, తలుపులు తీస్తూ టిక్కీలు లోపలికి తోస్తుంటారు, కంప్రెసర్లు తిరుగుతూనే ఉంటాయి. జనరేటర్ మీద లోడు ఉంటుంది, ఫ్రీక్వెన్సీ హద్దుల్లో ఉంటుంది. తెల్లవారుజామున చల్లబడి థర్మోస్టాట్ రెండు కంప్రెసర్లనీ ఆపేస్తుంది. సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోతే, జనరేటర్ ఖాళీగా 1596 చుట్లు తిరుగుతుంది. ట్యూబులైట్‌కి ఆ తేడా తెలీదు, ఫ్యానుకి ఇంకాస్త హుషారు. యూపీఎస్ ఒక్కటే కాదంటుంది.

దక్షిణాది అనకుండా దేశం మొత్తం ఒకే గ్రిడ్ మీద ఉన్నాక మన మెయిన్స్ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా నిలబడుతుందంటే, గ్రిడ్ కోడ్ (గ్రిడ్ నడిపే నియమావళి) పెట్టిన పట్టీ 49.90 నుంచి 50.05 మాత్రమే. అందుకే మెయిన్స్ మీద ఎన్ని పరీక్షలు చేసినా ఈ జబ్బు బయటపడదు.

అసలు అంత పైకి ఎందుకు పెట్టారు? రెండు కంప్రెసర్లు ఒకదాని వెంట ఒకటి స్టార్ట్ అయితే ఇంజన్ కుంగి ప్యానెల్ ట్రిప్ అవుతోందని, డీజిల్ మెకానిక్ ఒకాయన గవర్నర్ స్క్రూ బిగించి వేగం పెంచాడట. ఆయన బాధ ఆయనది. కంప్రెసర్లకి అది మందే, సర్వర్‌కే విషం.

బ్యాటరీల పరీక్ష

జనరేటర్ గుట్టు తెలిసినా బ్యాటరీలని వదలడానికి లేదు. గంటన్నర ఉండాల్సింది పద్నాలుగు నిమిషాలే ఉంటోంది.

ముందు ఒక మాట. 96 వోల్టుల బ్యాంకు అన్నామే గాని ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు అది 110కి దగ్గర. డీసీ కాబట్టి షార్ట్ అయితే ఆర్క్ ఆరదు, పట్టుకుంటే వదలదు. చేతికున్న ఉంగరం, గడియారం తియ్యాలి. స్పానర్‌కి కొసదాకా ఇన్సులేషన్ టేపు ఉండాలి. మెయిన్స్ ప్లగ్ పీకినంత మాత్రాన యూపీఎస్ చచ్చినట్టు కాదు, అవుట్‌పుట్‌లో 230 అలాగే ఉంటుంది.

సెల్ఫ్ టెస్ట్ నేనూ నడిపాను. పాస్. ఆ టెస్టు చేసేదల్లా పది సెకన్లపాటు లోడుని బ్యాటరీ మీదికి తోసి, మొత్తం వోల్టేజీ ఒక గీత కిందికి వచ్చిందా లేదా అని చూడటం. బ్యాంకు 109 నుంచి 101కి వచ్చి ఆగింది, యూపీఎస్ పచ్చలైటు వెలిగించింది. తీగ తెగిపోయిందా, బ్యాటరీ పూర్తిగా ఓపెన్ అయిందా అన్నది తేల్చడానికి పనికొస్తుందే తప్ప, లోపల ఎంత దమ్ముందో అది చెప్పదు. వారం వారం ఆటోమేటిక్‌గా పాస్ అయినట్టు రికార్డు ఉండటం వల్లే ఇన్నాళ్ళూ ఎవరూ బ్యాటరీలని పట్టించుకోలేదు.

ఛార్జింగ్‌లో ఉండగానే ఒక్కొక్క బ్యాటరీ వోల్టేజీ విడిగా చూశాను. మొత్తం 109.3. ఎనిమిదితో భాగిస్తే 13.66, పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే. విడివిడిగా మాత్రం కథ వేరు. ఒకటి 13.74, రెండు 13.31, మూడు 14.16, నాలుగు 13.78, అయిదు 12.94, తక్కినవి 13.8 అటూఇటూ. మూడోది మధ్యలో మార్చిన కొత్త బ్యాటరీ. పాతవాళ్ళ మధ్య ఇరుక్కుని అవసరానికి మించి వోల్టేజీ మింగుతోంది. అయిదోదానికి ఒక సెల్ దాదాపు షార్ట్. ఛార్జర్‌కి కనిపించేది మొత్తమే కాబట్టి దాని దృష్టిలో అంతా సుఖమే.

ఇక అసలు పరీక్ష. సర్వర్ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి యూపీఎస్ నుంచి విడదీశాం. బ్యాటరీ పరీక్షకి సర్వర్నే లోడుగా వాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చెక్కబోర్డు మీద హోల్డర్లు బిగించి వంద వాట్ల పాతకాలపు బల్బులు అయిదు పెట్టుకుంటే చాలు, 500 వాట్ల నికరమైన లోడు, వెలుగు చూస్తే అవుట్‌పుట్ వణికినా తెలుస్తుంది. ఇన్‌పుట్ ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) దించి రెండు నిమిషాలకోసారి ఎనిమిదింటికీ మీటరు పెట్టుకుంటూ పోయాం.

మొదటి రెండు నిమిషాల్లో అన్నీ 12.5 చుట్టూ, అయిదోది 10.9. ఆరో నిమిషానికి అయిదోది 8కి వచ్చింది, రెండోది 11 కిందికి జారింది. పన్నెండో నిమిషంలో అయిదోది 4.5. పద్నాలుగు నిండేసరికి మంచివి ఆరూ 12.1 దగ్గర ఉన్నాయి, రెండోది 8.6, అయిదోది 2.9. మొత్తం 84.1. యూపీఎస్ కటాఫ్ (ఇక చాలని ఆపేసే గీత) 84. బల్బులు ఆరిపోయాయి. ఆరు బ్యాటరీల్లో ఇంకా శక్తి ఉంది. ఇద్దరు కూలబడితే మోసేవాళ్ళందరూ ఆగిపోయినట్టయింది.

లోడు మీద ఉండగా ఇంకో కొలత తీసుకోవాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఒక బ్యాటరీ పోల్ నుంచి పక్కదాని పోల్‌కి, మధ్యలో ఉన్న లింకు మీదుగా, మిల్లీవోల్టులు చూడాలి. అన్నిచోట్లా 4, 5 వచ్చాయి. ఆరుకీ ఏడుకీ మధ్య 190. లగ్ (తీగ చివర బిగించే రేకు) విప్పితే లోపల పచ్చటి చిలుం పట్టి ఉంది. సర్వర్ పడిపోవడానికి కారణం అది కాకపోయినా, ఎక్కువ లోడు పడితే కాలిపోయేది అక్కడే.

  

బ్యాటరీలు మూడేళ్ళకే ఇలా ఎందుకయ్యాయన్నది వాటి ర్యాక్ దగ్గర నిలబడితేనే తెలుస్తుంది. కంప్రెసర్ గది గోడకి ఆనుకున్న ఇరుకు గది, మధ్యాహ్నం 39 డిగ్రీలు. గోడ అవతల మిర్చికి శీతలీకరణ, ఇవతల బ్యాటరీలకి ఉడకబెట్టడం. ఈ రకం బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టింది. పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు సగమైపోతుంది. పైగా వేడికి తగ్గట్టు ఛార్జింగ్ వోల్టేజీ తగ్గించాలి: సెల్‌కి డిగ్రీకి 3 మిల్లీవోల్టుల చొప్పున, 48 సెల్స్‌కి, 14 డిగ్రీలకి, దాదాపు 2 వోల్టులు. ఈ యూపీఎస్ ఛార్జర్‌కి ఆ తెలివి లేదు. వేసవి అంతా 109 పోస్తూనే ఉంది.

సర్వర్ ఎందుకు సర్దుకోలేకపోయింది

నట్ ఉంది కదా, బ్యాటరీ అయిపోతుంటే సర్వర్ని అదే షట్‌డౌన్ చేయాలి కదా అని అడగొచ్చు. అది యూపీఎస్ పంపే 'బ్యాటరీ తక్కువ' అనే జెండా (సంకేతం) కోసం ఎదురు చూస్తోంది. ఈ యూపీఎస్ ఆ జెండా ఎత్తేది 88 వోల్టుల దగ్గర. ఆరోగ్యంగా ఉన్న బ్యాంకులో 88 నుంచి 84కి రావడానికి బోలెడు నిమిషాలు పడుతుంది. ఇక్కడ రెండు బ్యాటరీలు కొండమీంచి దొర్లుతున్నాయి కాబట్టి తొంభై సెకన్లు. వర్చువల్ మెషీన్లు (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్లు) మూసుకుని, డేటాబేస్ రాతలు ముగించి, సర్వర్ పూర్తిగా ఆగడానికి నేను కొలిచిన సమయం నాలుగు నిమిషాల పైచిలుకు. శాతంలో చూపించే బ్యాటరీ ఛార్జి కూడా ఈ ప్రోటోకాల్‌లో యూపీఎస్ చెప్పేది కాదు, వోల్టేజీ చూసి నట్‌లోని డ్రైవర్ ప్రోగ్రాం వేసే అంచనా. దాన్ని నమ్మి షట్‌డౌన్ పెట్టకూడదు.

ఏం చేశాం

డీజిల్ మెకానిక్‌ని పిలిపించి, ఖాళీ ఇంజన్ మీద 51.8కి దింపించాం. రెండు కంప్రెసర్లతో అది 49.2. ఆయన అభ్యంతరం న్యాయమైనదే, కుంగితే ట్రిప్ అవుతుంది. అందుకని కంప్రెసర్ ప్యానెల్లో రెండో మోటారు స్టార్ట్ అవడానికి టైమర్ పెట్టించాం, మొదటిది పూర్తి వేగం అందుకున్నాకే రెండోది ఎత్తుకుంటుంది. యూపీఎస్‌లో ఫ్రీక్వెన్సీ హద్దు పెంచే సెట్టింగు ఉంటే అదే మార్చొచ్చు కదా అని కొందరు అంటారు. ఈ మోడల్లో లేదు. ఉన్నా, బైపాస్‌లోకి వెళ్ళినప్పుడు ఆ 53 హెర్ట్జ్ నేరుగా సర్వర్‌కి వెళ్తుంది కాబట్టి ముందు ఇంజన్‌నే సరిచేసేవాణ్ణి.

బ్యాటరీల దగ్గర యజమానితో కాసేపు వాదన అయింది. "రెండే పోయాయని మీరే అంటున్నారు, ఎనిమిదీ ఎందుకండీ మార్చడం?" అన్నారు. మూడో బ్యాటరీ 14.16 రీడింగ్ చూపించాను. "పోయినసారి ఒకటే మార్చారు కదండీ, అది అప్పుడే ఇలా ఉడుకుతోంది. పాతవాటి మధ్య కొత్తది పెడితే కొత్తది ముసలిదవుతుందే గాని పాతవి పడుచువి కావు." కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఎనిమిదీ ఒకే కంపెనీవి, ఒకే నెలలో తయారైనవి తెప్పించాం. డబ్బాల మీద తేదీ చూసి, విప్పకముందే ఒక్కొక్కదాని వోల్టేజీ చూసి తీసుకున్నాం. 12.5కి తక్కువగా ఉన్న ఒకదాన్ని వెనక్కి పంపాం, షాపులో చాలాకాలం పడి ఉందని అర్థం. ర్యాక్‌ని ఆఫీసు వైపు గదిలోకి మార్చి, ఛార్జర్‌ని 108కి దించాం.

నట్‌లో జెండా కోసం కాచుకోవడం మాన్పించాం. బ్యాటరీ మీదికి వెళ్ళి పది నిమిషాలైనా లైన్ మీదికి రాకపోతే షట్‌డౌన్ మొదలు, జెండా ముందే వస్తే వెంటనే. షట్‌డౌన్ చివర్లో యూపీఎస్ అవుట్‌పుట్‌ని కూడా ఆపి, కరెంటు వచ్చాక తిరిగి వేయమనే ఆదేశం వెళ్తుంది. ఇది లేకపోతే, సర్వర్ మూసుకుంటున్న ఆ నాలుగు నిమిషాల్లో కరెంటు వచ్చేస్తే సర్వర్ ఆగి ఆగినట్టే ఉండిపోతుంది, ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా.

చివరి పరీక్ష తెల్లవారుజామునే పెట్టుకున్నాం, కంప్రెసర్లు రెండూ ఆగి ఉండగా. బల్బుల బోర్డు తగిలించి మెయిన్ దించితే, జనరేటర్ అందుకున్నాక ఇరవై సెకన్లలోపే యూపీఎస్ లైన్ మీదికి వచ్చింది. తర్వాత ఇన్‌పుట్ ఎంసీబీ దించి బ్యాటరీ మీదే రెండు గంటలు నడిపాం. రెండు గంటలకి మొత్తం 95.2, ఏ రెండు బ్యాటరీల మధ్యా తేడా 0.1 దాటలేదు. అక్కడ ఆపేశాం. కొత్త బ్యాంకుని కటాఫ్ దాకా పిండి చూడాల్సిన అవసరం లేదు. ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి యూపీఎస్ తలుపు లోపల అంటించాం. మళ్ళీ ఎవరు పరీక్ష చేసినా పోల్చుకోవడానికి అవే ఆధారం.

సర్వర్ పవర్ సప్లైలు రెండూ ఇంకా ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి. యూపీఎస్‌కే ఏమన్నా అయితే రెండూ పోతాయి. రెండోదాన్ని వేరే లైన్ నుంచి ఇవ్వాలని చెప్పాను, సీజన్ అయ్యాక చూద్దామన్నారు.

పాత బ్యాటరీలు, 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాలు ఉన్నాయి కాబట్టి, తూకానికి పాతసామాను వాళ్ళకి ఇవ్వకుండా డీలర్‌కే అప్పజెప్పి రసీదు తీసుకోమన్నాను. మూడో నంబరు ఒక్కటీ ఇంకా బాగానే ఉంది. జనరేటర్ స్టార్టింగ్‌కి ఇమ్మని బాబాయ్ అడిగాడు. ఇది ఇంజన్ తిప్పే రకం కాదని చెప్పి, గేటు దగ్గర ఎమర్జెన్సీ లైటుకి పెట్టించాం.